మన్ననూరులో చలికాలం బస: మా ఇంటివాళ్లకు బాగా నచ్చింది

నల్లమల అంచున మన్ననూరు దగ్గర ఓ చిన్న కాటేజీలో దిగాం. నాయనమ్మ కోసమే ఈ ఊరు ఎంచుకున్నాం, ఎందుకంటే తాత ఇక్కడి అడవిలో ఫారెస్ట్ గార్డుగా చేసినప్పుడు ఆమె కొత్త కాపురం ఈ ఊళ్లోనే పెట్టింది, మా నాన్న పుట్టింది కూడా ఇక్కడే.

గదులు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు మందంగా ఉన్నాయి. డిసెంబర్ చలికి అది చాలా ముఖ్యం. పొద్దున వేడినీళ్లు మాత్రం ఆలస్యంగా వచ్చాయి, పెద్దవాళ్లతో వెళ్తే ముందే చెప్పి పెట్టుకోండి. భోజనం మాత్రం అదిరింది, జొన్నరొట్టె, నాటుకోడి కూర అడిగి మరీ వేయించుకున్నాం.

ఫర్హాబాద్ వ్యూ పాయింట్ వైపు సఫారీ తప్పక చేయండి. మాకు దారి చూపిన చెంచు గైడు జంతువుల అడుగుజాడలు, చెట్ల పేర్లు ఓపిగ్గా చెప్పాడు, నాయనమ్మ తనకు గుర్తున్న చెట్లన్నీ అడుగుతుంటే ఇద్దరూ సొంత మనుషుల్లా మాట్లాడుకున్నారు, ఆ కాసేపటి కోసమే ఈ ప్రయాణం పెట్టుకోవచ్చు అనిపించింది నాకు. పులి కనిపించలేదు, దుప్పులు కనిపించాయి.

ఉమామహేశ్వరం దగ్గరే, కొండ చరియ కింద గుడి, చూసి రండి. మల్లెలతీర్థం జలపాతానికి మెట్లు చాలా దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వద్దు.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది టైగర్ రిజర్వ్, శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. హైదరాబాద్ నుంచి మధ్యాహ్నానికల్లా బయల్దేరితే టెన్షన్ ఉండదు. ప్లాస్టిక్ సీసాలు దయచేసి తీసుకెళ్లకండి.