పిడుగులు పడే ఊళ్లో రెండు ఎన్వీఆర్‌లు, ఆరేళ్లు వాడాక

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పెరటి గోడ పడిపోతే మళ్లీ కట్టించాం, ఆ పనిలోనే కెమెరాలు కూడా పెట్టించేశాం, ఎందుకంటే ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరే, నేను విశాఖలో ఉద్యోగం. 2019 నుంచి మూడేళ్లు ఒక ఎన్వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా ఇంకోటి. గేటు కెమెరా ఒక్కటే మారింది, మిగతా మూడూ అవే 4 మెగాపిక్సెల్‌వి, అందుకని రెండిటికీ తేడా బాగా తెలిసింది.

మొదటిది పీఓఈ, అంటే నెట్‌వర్క్ వైరులోంచే కెమెరాకి కరెంటు పంపే ఏర్పాటు, లోపలే ఉన్న రకం. వెనక నాలుగు పోర్టులుంటాయి, క్యాట్ 6 వైరు గుచ్చితే కరెంటూ బొమ్మా రెండూ దాంట్లోంచే, ఐపీ అడ్రసు కూడా అదే ఇచ్చుకుంటుంది, మనం ముట్టుకోవాల్సిన పనే లేదు. కొత్తగా పెట్టించుకునేవాళ్లకి ఇంతకన్నా సులువైంది లేదు, మూడేళ్లు నాకు దీంతో ఏ ఇబ్బందీ రాలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

2022 మే నెలలో సాయంత్రం గాలివాన, పక్కింటోళ్ల కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. నాన్న ఫోను చేసి "ఒరే, టీవీలో ఏటీ రావట్లేదు, పెట్టె దగ్గర ఏటో కాలిన వాసనొస్తంది" అన్నారు. గేటు కెమెరా వైరు అరవై మీటర్లు, మొత్తం గోడ మీంచే, పిడుగు కరెంటు దాంట్లోంచి వచ్చేసింది. శనివారం వెళ్లి మూత విప్పి చూస్తే మూడో పోర్టు వెనకాల చిన్న నల్ల చిప్పు ఉబ్బిపోయి ఉంది, చుట్టూ బోర్డు మీద వేలెడు మేర మసి. పోర్టులూ ప్రాసెసరూ అన్నీ ఒకే బోర్డు కదా, ఒక్క పోర్టు కోసం మొత్తం పోయింది. బోర్డు మార్చాలంటే కొత్తదాని ధరకి దగ్గర్లో చెప్పారు. హార్డ్ డిస్కు బాగానే ఉంది కదాని కొత్త ఎన్వీఆర్‌లో పెడితే ఫార్మాట్ చెయ్యమంది, కంప్యూటర్‌కి పెట్టినా తెరుచుకోలేదు, ఈ పెట్టెలు చాలావరకు డిస్కు మీద వాటి సొంత పద్ధతిలో రాసుకుంటాయి. అందులో మా అన్నయ్య కూతురు మా వాకిట్లో మొదటిసారి నడిచిన వీడియో ఉంది, అది పోయింది. దాచుకోవాల్సింది ఏదన్నా ఉంటే ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, దయచేసి.

రెండోది ఎనిమిది ఛానెళ్లది, అంటే ఎనిమిది కెమెరాలు పట్టేది, పీఓఈ లేదు, కెమెరా వైర్లన్నీ గుచ్చే పీఓఈ స్విచ్చి పెట్టె విడిగా కొన్నాను. బిగించడం కొంచెం తలనొప్పే, కెమెరాలకి ఐపీలు మనమే ఇచ్చుకోవాలి, నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. కానీ 2024లో మళ్లీ పిడుగు దెబ్బ తగిలినప్పుడు స్విచ్చి ఒక్కటే పోయింది, రెండు వేల చిల్లర, ఎన్వీఆర్‌కి ఏం కాలేదు, రికార్డింగులన్నీ ఉన్నాయి. నాకైతే అక్కడే తేలిపోయింది.

ఇంకో లాభం కరెంటు దగ్గర. పాతది 48 వోల్టుల అడాప్టరు, ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది, లేవడానికి రెండు నిమిషాలు, ఆ రెండు నిమిషాలూ రికార్డింగ్ లేనట్టే, డిస్కుకీ మంచిది కాదు. కొత్తది 12 వోల్టులే కాబట్టి రౌటర్లకి పెట్టే చిన్న యూపీఎస్‌తో నడుస్తోంది, కాకపోతే 2 ఆంపియర్లు ఇచ్చేదే తీసుకోవాలి, డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు ఎక్కువ లాగుతుంది.

డిస్కు ఎంత కావాలని చాలామంది అడుగుతారు. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) పెడితే రోజుకి సుమారు 43 జీబీ, నాలుగింటికి 173, అంటే 2 టీబీ పదకొండు రోజులకే నిండిపోతుంది. వీడియోని ఇంకా చిన్నగా కుదించే హెచ్.265 పెట్టి 2 ఎంబీపీఎస్‌కి తగ్గించాను, ఇరవై మూడు రోజులు వస్తోంది, మొహాలు గుర్తుపట్టడానికి తేడా ఏమీ కనిపించలేదు. కంప్యూటర్‌లో వేసే మామూలు డిస్కు మాత్రం వద్దు, రాత్రీ పగలూ రాస్తూనే ఉంటుంది కాబట్టి నిఘా కెమెరాల కోసం చేసిందే తీసుకోండి.

కొత్తదాంట్లో నచ్చనిది ఒకటుంది. పాత కెమెరాలు వేరే కంపెనీవి, వేర్వేరు కంపెనీలవి కలిసి పనిచేయడానికి ఉన్న ఆన్‌విఫ్ పద్ధతిలో కలిపాను, బొమ్మ వస్తుంది గానీ మనిషిని గుర్తుపట్టే అలర్టు రావట్లేదు, ఉట్టి మోషనే, అంటే ఏది కదిలినా మోగుతుంది. రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలెపురుగు, లెన్సుకి అడ్డంగా ఒక్క దారం ఊగితే తెరమీద తెల్లటి మోకులా కనిపిస్తుంది, ఫోను తెల్లార్లూ మోగుతూనే ఉంటుంది. అమ్మ రోజు విడిచి రోజు చీపురు కర్రకి గుడ్డ చుట్టి తుడుస్తోంది. గేటుకి వేసిన కొత్త కెమెరా ఎన్వీఆర్ కంపెనీదే, దాంతో ఈ గోల లేదు, మనిషి వస్తేనే చెప్తుంది. అందుకని మొదటినుంచీ కొనేవాళ్లు కెమెరాలూ ఎన్వీఆరూ రెండూ ఒకే కంపెనీవి చూసుకోండి.

గేటు దాకా రాగి వైరు తీసేసి ఫైబర్ లాగిద్దామని ఉంది, గాజులోంచి పిడుగు కరెంటు రాదు కదా, గేటు దగ్గర కెమెరాకి కరెంటు మాత్రం విడిగా ఇవ్వాలి. వచ్చే వేసవి గాలివానలు మొదలవ్వకముందే చేయించేయాలి.