రిపోర్టులన్నీ నార్మల్ అన్నాక మేం వెళ్ళిన క్లినిక్ (విజయవాడ, సూర్యారావుపేట)

మా నాన్నకి సాయంత్రమైతేనే జబ్బు. పొద్దున లేచి మొక్కలకి నీళ్ళు పోసి, పేపరు చదివి, టిఫిను తిని మామూలుగా తిరుగుతారు. ఆరు దాటాక ఎడమ కంటి రెప్ప వాలిపోవడం మొదలవుతుంది, ఏడింటికి మాట ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది, రాత్రి భోజనానికి కూర్చునేసరికి సగం కంచంలోనే వదిలేస్తారు. ఎనిమిది నెలల పాటు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా పొద్దున పదింటి ఓపీకే వెళ్ళాం, ఎందుకంటే గుడివాడ నుంచి రావాలి, మళ్ళీ చీకటి పడకముందే ఇంటికి చేరాలి. అంటే నాన్నని చూసిన డాక్టర్లు ఐదుగురు ఉన్నారు గానీ నాన్న జబ్బుని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ చిన్న సంగతి మాకు తట్టేలా చేసింది ఈ క్లినిక్. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, మాలాగే రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని తిరుగుతున్న వాళ్ళు ఎవరైనా ఉంటే చదువుతారని.

నాన్నకి 64. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, ఇంట్లో సాయంత్రం రెండు గంటలు పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తారు. సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి మొదలైంది. మొదట "కళ్ళు తిరుగుతున్నాయి" అన్నారు. బీపీ చూశారు, బాగానే ఉంది, కళ్ళు తిరగడానికి బిళ్ళలు రాశారు, నెల వాడాం. తర్వాత కంటి డాక్టరు, శుక్లం మొదలైందన్నారు, అద్దాలు మార్చారు. మింగడం కష్టంగా ఉందంటే ఎండోస్కోపీ, ఏమీ లేదు, గ్యాస్ట్రిక్ మాత్రలు. మాట తేడాగా ఉందని పక్షవాతమేమోనని భయపడి ఓ పెద్ద ఆసుపత్రిలో మెదడుకి ఎమ్మారై తీయించాం, అదీ నార్మలే. చివరికి "వయసు, రిటైర్మెంట్, టెన్షన్" అన్నారు, నిద్రమాత్ర ఇచ్చారు. నలభై వేలు దాటి ఖర్చయింది. డబ్బు సంగతి అటుంచితే, నాన్న తనకేమీ లేదేమో, అంతా తన మనసులోనే ఉందేమో అని నమ్మడం మొదలుపెట్టారు, అది చూడలేకపోయాం.

వినాయక చవితి ముందు వారం మా పిన్నిగారి అబ్బాయి చెబితే ఈ క్లినిక్‌కి ఫోన్ చేశాను. డాక్టరు గారు జనరల్ మెడిసిన్, యాభై ఏళ్ళు ఉంటాయేమో, ఆడ డాక్టరు. ఫోన్ ఎత్తిన సిస్టరు పేరు, వయసు రాసుకుని, "ఇబ్బంది ఎప్పుడు ఎక్కువగా ఉంటుందండీ?" అని అడిగింది. సాయంత్రం అన్నాను. "అయితే పొద్దున తీసుకురావద్దు, సాయంత్రం ఏడు తర్వాత టోకెన్ ఇస్తాను, ఇబ్బంది ఉన్నప్పుడు ఫోన్‌లో ఫోటోలు, వీడియోలు కూడా తీసి తీసుకురండి" అంది. అంతకుముందు ఎవరూ ఈ మాట అడగలేదు. మేము కూడా చెప్పలేదు. పొద్దున పూట కుర్చీలో చక్కగా కూర్చుని మాట్లాడుతున్న మనిషిని చూపించి "మాట సరిగ్గా రావట్లేదండీ" అంటే ఎవరైనా ఏం చేస్తారు?

వెళ్ళాక టోకెన్‌తో పాటు ఒక కాగితం ఇస్తారు, తెలుగులో, ఒక్క పేజీ. ఎప్పుడు మొదలైంది, రోజులో ఏ వేళ ఎక్కువ, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ (మెడికల్ షాపులో అడిగి కొన్నవి, ఆయుర్వేదం, బలం టానిక్కులతో సహా), అంతకుముందు ఏ డాక్టరు ఏమన్నారు, ఆఖరున "మీకు దేని గురించి భయంగా ఉంది?" అని ఒక గీత. రాయలేనివాళ్ళకి సిస్టరు కూర్చుని రాసి పెడుతుంది. రెండు గంటలు కూర్చోబెట్టారు, అది నిజం, కానీ ఆ కాగితం నింపుతుంటేనే మాకు సగం సంగతి తెలిసొచ్చింది. "ఏం చేస్తే తగ్గుతుంది" దగ్గర అమ్మ వెంటనే "పడుకుని లేస్తే తగ్గుతుంది" అంది. "ఏం చేస్తే పెరుగుతుంది" దగ్గర ట్యూషన్ పిల్లలు గుర్తొచ్చారు. మొదటి గంట లెక్కలు బాగా చెప్తారట, రెండో గంటలో మాస్టారి గొంతు మారిపోతుందట, పిల్లలు అప్పటికే గమనించి బోర్డు మీద రాయమని అడగడం మొదలుపెట్టారు. ఎనిమిది నెలల్లో మేము చేసుకోని లెక్క పిల్లలు చేశారు.

లోపలికి వెళ్ళాక నేనే మొదలుపెట్టాను, అలవాటు కదా, "నాన్నకి నీరసం మేడమ్, గ్యాస్ట్రిక్ ట్రబుల్ కూడా ఉంది" అని. ఆవిడ చేయి ఎత్తి, "అమ్మా, కాసేపు మాస్టారిని చెప్పనివ్వండి, తర్వాత మీరు చెబుదురుగాని" అన్నారు. మర్యాదగానే అన్నారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "మాస్టారూ, నీరసం అంటే ఎలా ఉంటుంది? నిద్ర ముంచుకొచ్చినట్టా, ఆయాసమా, లేక చెయ్యి ఎత్తుదామన్నా ఎత్తలేకపోవడమా?" అని అడిగారు. నాన్న ఆలోచించి, "ఎత్తలేకపోవడమేనండీ, రాస్తూ రాస్తూ ఉంటే చెయ్యి దిగిపోతుంది, కాసేపు ఆగితే మళ్ళీ రాయగలను" అన్నారు. మనం నీరసం అనే ఒక్క మాటలో ఎన్నిటిని కట్టేస్తామో అప్పుడు తెలిసింది. "కళ్ళు తిరగడం" కూడా అంతే. గది తిరుగుతున్నట్టు ఉంటుందా, కళ్ళు చీకట్లు కమ్ముతాయా, లేక ఒకటి రెండుగా కనిపిస్తుందా అని విడివిడిగా అడిగారు. రెండుగా కనిపిస్తుందట! ఎదురొచ్చే స్కూటర్‌కి రెండు లైట్లు కనిపించేవట, దాన్ని ఆయన కళ్ళు తిరగడం అన్నారు, మేము దాన్నే మోసుకుని తిరిగాం. ఒక కన్ను మూస్తే ఆ రెండో బొమ్మ పోతుందా అని అడిగారు, పోతుందన్నారు. శుక్లం వల్ల అయితే ఒక కన్ను మూసినా ఆ నీడ మిగిలే ఉంటుంది, రెండు కళ్ళూ తెరిస్తేనే రెండుగా కనిపిస్తోందంటే కళ్ళని కలిపి తిప్పే కండరాల్లో తేడా ఉందని అర్థం అని నాకు వివరించారు.

అప్పుడు ఐదు నిమిషాలు అమ్మనీ నన్నూ బయట కూర్చోమన్నారు. తిరిగి పిలిచాక తెలిసింది, రెండు వారాలుగా నీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి వస్తున్నాయట, ఒకసారి అన్నం గొంతుకి అడ్డం పడి ఊపిరాడలేదట. అమ్మ కంగారు పడుతుందని చెప్పలేదు. భోజనం మధ్యలో ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఏదో ఆలోచనలో పడ్డారనుకునేవాళ్ళం, దవడ అలిసిపోయి చేత్తో పట్టుకుని నమలడానికి ప్రయత్నిస్తున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంటి మనిషి ఎదురుగా చెప్పలేని మాట డాక్టరుకి చెప్పడానికి ఆ ఐదు నిమిషాలు ఇవ్వడం ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం.

పరీక్ష చూస్తే చాలా మామూలుగా ఉంది. తల కదపకుండా ఒక నిమిషం పైకి చూడమన్నారు, చూస్తుండగానే ఎడమ రెప్ప కిందికి జారింది. ఒకటి నుంచి యాభై దాకా గట్టిగా లెక్కపెట్టమన్నారు, ముప్పై దాటాక గొంతు మారింది. తర్వాత చేతి తొడుగులో ఐసు ముక్కలు వేసి మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచారు, తీసి చూస్తే కన్ను తెరుచుకుంది. అమ్మ "అయ్యో రామా" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చల్లదనానికి నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతం కాసేపు మెరుగవుతుందట. మయస్థీనియా గ్రావిస్ అని అనుమానంగా ఉంది, కానీ ఖాయం చేసుకోవాలి, మింగడంలో ఇబ్బంది ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు అని చెప్పి, అక్కడికక్కడే ఒక న్యూరాలజిస్టుకి (నరాల డాక్టరు) ఫోన్ చేసి మర్నాటికి టైం తీసుకున్నారు. చేతికిచ్చిన ఉత్తరంలో లక్షణాలు వరసగా, తేదీలతో, తను చేసిన పరీక్షలు, తన అనుమానం, ఇంకా ఏం తేల్చాలో రాశారు. ఆ ఒక్క పేజీ వల్ల న్యూరాలజిస్టు దగ్గర కథంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మిగతాది త్వరగా చెప్తాను. నరానికి వరసగా చిన్న చిన్న షాకులు ఇచ్చి కండరం స్పందన తగ్గుతుందేమో చూసే పరీక్ష చేశారు, తగ్గింది. రక్తంలో యాంటీబాడీల పరీక్ష పాజిటివ్ వచ్చింది. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున కండరం మీద సంకేతాన్ని అందుకునే చోట్ల దాడి చేస్తుంది, అందుకే వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఎమ్మారైలో కనిపించకపోవడానికి కారణం కూడా అదే, తేడా మెదడులో లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఛాతీలో థైమస్ గ్రంథి దగ్గర గడ్డ ఉంటుంది కాబట్టి సీటీ స్కాన్ తీశారు, నాన్నకి లేదు. పిరిడోస్టిగ్మిన్ మాత్ర మొదలుపెట్టారు, భోజనానికి అరగంట ముందు వేసుకుంటే తినేటప్పుడు దవడ సహకరిస్తుంది. మొదట్లో కడుపులో మెలిపెట్టినట్టు, విరేచనాలు ఉన్నాయి, డోసు సర్దాక తగ్గాయి. స్టెరాయిడ్ తక్కువ నుంచి మెల్లగా పెంచారు, ఒకేసారి ఎక్కువ ఇస్తే మొదటి రోజుల్లో నీరసం ఎక్కువయ్యే ప్రమాదం ఉందట.

ఇంకో సంగతి, ఇది అందరికీ ఉపయోగపడుతుంది. మధ్యలో వేసవిలో నాన్నకి దగ్గు వస్తే ఒకరు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, ఆ వారం మాట బాగా పడిపోయింది. ఆ డాక్టరుకి నాన్న జబ్బు తెలిసే అవకాశం లేదు కాబట్టి ఆయన్ని తప్పు పట్టను. కానీ ఆ రకం యాంటీబయాటిక్స్ మయస్థీనియా ఉన్నవాళ్ళకి బలహీనతని పెంచుతాయని 2011లోనే అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ పెద్ద హెచ్చరిక పెట్టించింది. అజిత్రోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి కూడా జాగ్రత్తగా ఉండాల్సిన వాటిలో ఉన్నాయి. మా పాత చీటీలన్నీ పరుపు కింద నుంచి తీసి తీసుకెళ్ళబట్టే మేడమ్ ఆ తేదీలూ, మాట పడిపోయిన వారం కలిపి చూడగలిగారు. ఇప్పుడు నాన్న పర్సులో ఒక కార్డు ఉంటుంది, జబ్బు పేరు, మందులు, వాడకూడనివి, ముద్ద గొంతు దిగకపోయినా ఊపిరి కష్టమైనా వెంటనే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అని. ఆ కార్డు క్లినిక్ వాళ్ళే టైపు చేసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు.

రిపోర్టుల విషయంలో కూడా సాయం చేశారు. ఎమ్మారై తీసిన ఆసుపత్రి వాళ్ళు మాకు రెండు లైన్ల సమ్మరీ తప్ప ఏమీ ఇవ్వలేదు, అడిగితే రేపు రండి అని తిప్పారు. రోగి గానీ వాళ్ళ తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో ఉందని సిస్టరు చెప్పింది, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళి ఇచ్చి రసీదు అడగమంది. అలాగే చేశాను, రెండో రోజుకి ఇచ్చారు.

ఫీజు 500, పది రోజుల్లోపు మళ్ళీ వెళ్తే తీసుకోరు. ల్యాబ్ పరీక్షలు ఫలానా చోటే చేయించుకోవాలని బలవంతం లేదు. మందు ఎందుకు రాశారో అడిగితే విసుక్కోరు, పైగా ఆఖరున "ఇప్పుడు నేను చెప్పింది మీరు నాకు ఒకసారి చెప్పండి" అంటారు. అమ్మ మొదటిసారి తడబడింది, రెండోసారి మాత్రల టైములు గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఇబ్బందులు కూడా రాయాలి. టైం అంటే టైం కాదు, ఏడింటి టోకెన్‌కి తొమ్మిదయింది, ఒక్కొక్కరితో అంతసేపు మాట్లాడితే అలా అవుతుందని తెలుసు గానీ దూరం నుంచి వచ్చినవాళ్ళకి ఆఖరి బస్సు దొరకదు, మేము ఆ రాత్రి పిన్నిగారింట్లో ఉండిపోయాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఫోన్ ఎవరూ ఎత్తరు. కూర్చోడానికి కుర్చీలు చాలవు, పెద్దవాళ్ళు నిలబడే ఉంటారు. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఆ ఒకటి తగ్గించింది వైద్యం విషయంలో కాదు.

నాన్న దసరా సెలవులయ్యాక మళ్ళీ ట్యూషన్ మొదలుపెట్టారు, ఒక గంటే, అదీ ఐదింటికి. వచ్చే నెల చూపించడానికి వెళ్ళాలి. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, ముందు వైపు మెట్లకి పట్టుకోడానికి రెయిలింగ్ కూడా లేదు. రెండు మెట్లు నాలుగుగా కనిపించే మనిషిని నేనొక రెక్క, అమ్మ ఒక రెక్క పట్టుకుని ఎక్కించాం. రెండుసార్లు చెప్పాను, చూస్తామన్నారు. అప్పటిదాకా నడవలేనివాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు పక్క సందులోంచి వెనక్కి వెళ్ళండి, అక్కడి మెట్లు వెడల్పుగా ఉంటాయి, పట్టుకోడానికి ఇనుప కమ్మీ ఉంది.