యూదుల వేధింపుల వార్తలు పాత పత్రికల్లో చదవాలంటే: 'ట్రోవ్' ఎంతవరకు పనికొస్తుంది?

కర్నూలు, అనంతపురం, కడపల్లో చరిత్ర చెప్పే అయ్యవార్లకూ, ఎంఏ ప్రాజెక్టు రాసే పిల్లలకూ ముందే ఒక మాట. యూదుల మీద జరిగిన దాడుల గురించి ఆనాటి పత్రికలు ఏం రాశాయో సొంత కళ్లతో చూడాలనుకుంటే మొదట తెరవాల్సింది ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ అనే వెబ్‌సైటు. పైసా చందా లేదు. పేరు నమోదు చేసుకోకుండానే చదవొచ్చు, దించుకోవచ్చు. లండన్ టైమ్స్, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు పూర్తిగా చూడాలంటే డబ్బు కట్టాలి, లేదా చందా ఉన్న లైబ్రరీ కావాలి. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ కూడా అంతే. మన ఊళ్లలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఈ ఒక్క తేడా చాలు.

అయితే ఉచితంగా దొరికే ప్రతిదాన్నీ నమ్మకంగా వాడుకోలేం. ట్రోవ్ బలం ఎక్కడుందో, ఎక్కడ దెబ్బ తీస్తుందో తెలియకుండా దిగితే ప్రాజెక్టు తప్పుదారి పడుతుంది.

ముందు ఏమేం ఉన్నాయో చూద్దాం. 1803లో మొదలైన సిడ్నీ గెజెట్ నుంచి 1954 వరకు వచ్చిన ఆస్ట్రేలియా పత్రికలు ఎన్నో ఇందులో ఉన్నాయి. 1954 దగ్గర ఆగిపోవడానికి కారణం కాపీరైట్. కాన్‌బెరా టైమ్స్ లాంటి కొన్ని మాత్రం ఆ తర్వాతి కాలానికీ వస్తాయి. మన విషయానికి 1954 హద్దు పెద్ద లోటు కాదు. 1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో జరిగిన దాడులు, ఫ్రాన్సులో యూదు సైనికాధికారి డ్రేఫస్ మీద పెట్టిన అబద్ధపు కేసు, 1903లో రష్యా పాలనలోని కిషినెవ్ ఊళ్లో యూదుల మీద దాడి, నాజీల 12 ఏళ్లు, న్యూరెంబర్గ్ విచారణ అన్నీ ఆ లోపలే. పెద్ద దినపత్రికలతో పాటు సిడ్నీ యూదులు నడుపుకున్న హీబ్రూ స్టాండర్డ్ కూడా ఉంది. ఒకే వారం మెల్‌బోర్న్ ఆర్గస్ ఏం రాసిందో, హీబ్రూ స్టాండర్డ్ ఏం రాసిందో పక్కపక్కన పెట్టి చూడటం పిల్లలకు ఇవ్వదగ్గ మొదటి అభ్యాసం.

ఇక వెతికే పద్ధతి. మొదటి పేజీలో కనిపించే పెట్టెలో నేరుగా టైప్ చేయకండి. పుస్తకాలు, ఫొటోలు, పత్రికలు అన్నీ కలగలిసి వస్తాయి. న్యూస్‌పేపర్స్ అండ్ గెజెట్స్ విభాగంలోకి వెళ్లి అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరవండి. అక్కడ తేదీల హద్దు పెట్టడం తప్పనిసరి. ఘటన జరిగిన రోజు నుంచి మూడు వారాల దాకా పెడితే చాలు. తర్వాత వర్గం దగ్గర 'ఆర్టికల్' ఎంచుకుంటే ప్రకటనలు, పెళ్లి చావు కబుర్లు తప్పుకుంటాయి. ఫలితాలను తేదీ వరుసలో, పాతవి ముందు వచ్చేలా అమర్చుకోండి. మామూలుగా ట్రోవ్ తనకు బాగా సరిపోయాయనిపించిన వాటిని పైకి తెస్తుంది. చరిత్ర పనికి అది అక్కరకు రాదు. మొదటి తంతి (టెలిగ్రాం వార్త) ఏ రోజు వచ్చింది, అంకెలు ఎలా మారాయి, ఏ రోజుతో వార్త ఆగిపోయింది అన్నవే కదా మనకు కావాల్సింది.

ఎక్కువమంది బోల్తా పడేది వెతికే మాట దగ్గర. 'హోలోకాస్ట్' అని కొట్టి 1942లో ఏమీ లేదని తేల్చేస్తారు. ఆ మాట అప్పటి పత్రికల్లో ఈ అర్థంలో స్థిరపడలేదు. 'జెనోసైడ్' అనే మాటను రాఫెల్ లెమ్కిన్ అచ్చులోకి తెచ్చిందే 1944లో. 1938 నవంబరు 9, 10 రాత్రి నాజీలు యూదుల ప్రార్థనామందిరాలు తగలబెట్టిన ఘటనను మనం క్రిస్టల్‌నాఖ్ట్ అంటున్నాం గానీ, మరునాటి విదేశీ పత్రికలో ఆ పేరుతో వెతికితే దొరకదు. యాంటీ జ్యూయిష్, సినగాగ్స్, లూటెడ్, ఔట్‌రేజెస్, మాసకర్ లాంటి మాటలు కొట్టాలి. 'కాన్‌సెంట్రేషన్ క్యాంప్' అని ఒంటరిగా కొడితే దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధం వచ్చిపడుతుంది, అందుకే తేదీల హద్దు పెట్టమన్నది. కిషినెవ్ కోసం చివర వి బదులు రెండు ఎఫ్‌లు పెట్టి కూడా వెతకండి. అప్పటి పత్రికల్లో అలా రాయడం మామూలు. రెండు మాటలు దగ్గరదగ్గరగా ఉన్న వార్తలే కావాలంటే వాటిని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, వెనుక టిల్డ గుర్తు (~), దాని పక్కన 10 అని వేయండి. ఆ రెండు మాటల మధ్య పది మాటలకు మించి దూరం లేనివే వస్తాయి.

అక్షరాలను యంత్రం చదివిన పాఠం మీదే ఈ వెతుకులాటంతా నడుస్తుంది. నలిగిన కాగితం, పలచబడ్డ సిరా, చిన్న అచ్చు ఉన్నచోట యంత్రం ఇంగ్లిషు ఇ ని సి గా చదువుతుంది. ఊరి పేరు వరుస చివర విరిగితే రెండు ముక్కలైపోతుంది. కాబట్టి 'ఫలితాలు లేవు' అంటే 'వార్త రాలేదు' అని కాదు. ఈ ఒక్క వాక్యం ప్రాజెక్టు రాసే ప్రతి పిల్లవాడి నోట్సులోనూ మొదటి పేజీలో ఉండాలి. ఒక పత్రిక వార్తను వేయలేదని రాయాలనుకుంటే ఆ వారం సంచికలను పేజీ పేజీ తిప్పి చూడాల్సిందే. అడ్డదారి లేదు. శీర్షికలు మాత్రం లోపలి పాఠం కంటే శుభ్రంగా ఉంటాయి, అందుకే శీర్షికలో రాగల మాటతో మొదలుపెట్టడం మేలు. తప్పు పాఠాన్ని చదువరులే దిద్దే వీలు ట్రోవ్‌లో ఉంది. మీరు వాడుకున్న వార్తలో తప్పులు కనిపిస్తే ఆ నాలుగు వరుసలు దిద్ది రండి, తర్వాత వెతికేవాళ్లకు అది దొరుకుతుంది.

ట్రోవ్‌లో మాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది పూర్తి పేజీ చూపించడం. వార్త తెరవగానే ఎడమవైపు పాఠం, కుడివైపు అచ్చు కనిపిస్తాయి. చాలామంది పాఠం కాపీ చేసుకుని మూసేస్తారు. అలా చేయకండి. బొమ్మను చిన్నది చేసి పేజీ మొత్తం చూడండి. ఎన్నో పేజీ, ఎన్నో కాలమ్, పైనా కిందా, పక్కన ఏ వార్త ఉంది? యూదుల హత్యల విషయంలో అసలు ప్రశ్న 'పత్రికలు రాశాయా లేదా' కాదు. రాశాయి. ఎక్కడ రాశాయన్నదే ప్రశ్న. పోలండులోని యూదు సోషలిస్టు సంస్థ బుండ్ రహస్యంగా పంపిన నివేదిక ఆధారంగా, జర్మన్లు పోలండులో 7,00,000 మంది యూదులను చంపారని లండన్ డైలీ టెలిగ్రాఫ్ 1942 జూన్ 25న రాసింది. కదిలే విషవాయు వాహనాల సంగతీ అందులో ఉంది. అంతటి వార్త ఐదో పేజీలో వచ్చింది. అదే ఏడాది నవంబరు 24న అమెరికా యూదు మతగురువు రబ్బీ స్టీఫెన్ వైజ్ వాషింగ్టన్‌లో విలేకరులను పిలిచి యూదులను తుడిచిపెట్టే పథకం ఉందని చెప్తే, న్యూయార్క్ టైమ్స్ మరునాడు దాన్ని పదో పేజీకి నెట్టింది. డిసెంబరు 17న మిత్రరాజ్యాల ప్రభుత్వాలు కలిసి ఖండన ప్రకటించాకే అది మొదటి పేజీ కెక్కింది. ప్రభుత్వం నోరు విప్పితేనే వార్త మొదటి పేజీకి వస్తుందన్న సంగతి ఆ మూడు తేదీలు పక్కపక్కన పెడితే కళ్లకు కడుతుంది. ఇదే మూడు తేదీలకు ట్రోవ్‌లో నాలుగైదు ఆస్ట్రేలియా పత్రికల పేజీలు తీసి పట్టిక వేయించండి.

సంపాదకులు ఎందుకు అలా వెనక్కి తగ్గారన్నదానికి ఒక కారణం అంతకుముందు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఉంది. జర్మన్లు తమ సైనికుల శవాలను కాచి కొవ్వు తీస్తున్నారన్న కథ 1917లో లండన్ పత్రికల్లో వచ్చింది. అది అబద్ధమని 1925లో బ్రిటిష్ ప్రభుత్వమే పార్లమెంటులో ఒప్పుకుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లు 1942లో నిజమైన వార్తనూ అనుమానంగా చూశారు. దాన్ని సాకుగా కాక కారణంగా చెప్పాలి. పిల్లలకు ఆ తేడా తెలియాలి.

డేట్‌లైన్ చదవడం కూడా నేర్పాలి, అంటే వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ. 1941 డిసెంబరు దాకా బెర్లిన్‌లో అమెరికా విలేకరులు ఉన్నారు, వాళ్ల మీద ఒత్తిడి ఎంతున్నా. జర్మనీ అమెరికా మీద యుద్ధం ప్రకటించాక వాళ్లు లేరు. అక్కణ్నుంచి లండన్, జెనీవా, స్టాక్‌హోమ్, ఇస్తాంబుల్ పేర్లతో వార్తలు వస్తాయి. అంటే చూసినవాళ్ల మాట కాదు, చూసినవాళ్ల దగ్గర విన్నవాళ్ల మాట. జర్మనీ లోపలి పత్రికల సంగతి వేరు. 1933 అక్టోబరు 4 నాటి సంపాదకుల చట్టం యూదులను ఆ వృత్తి నుంచే గెంటేసింది, మిగిలినవాళ్లను నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ శాఖ చేతిలో పెట్టింది.

ఇక ట్రోవ్‌తో వచ్చే అతిపెద్ద పొరపాటు. ఆస్ట్రేలియా పత్రికలకు ఐరోపా వార్తలు ఎక్కువగా లండన్ నుంచి తంతి ద్వారా వచ్చేవి. ఒకే తంతిని ముప్పై పత్రికలు వేస్తాయి. ట్రోవ్ ముప్పై ఫలితాలు చూపిస్తుంది. వాటిని ముప్పై సాక్ష్యాలని లెక్కపెడితే ప్రాజెక్టు కుప్పకూలినట్టే. మొదటి రెండు వాక్యాలు పోల్చి, ఒకటే అయితే ఒకే మూలం కింద కట్టండి. శీర్షికలు మాత్రం ఏ పత్రిక కా పత్రికే పెట్టుకునేది కాబట్టి వాటిని విడివిడిగా చూడటంలో లాభం ఉంది.

1903 నాటి కిషినెవ్ దీనికి మంచి పరీక్ష. రష్యా క్యాలెండరులో ఏప్రిల్ 6, 7. మన క్యాలెండరులో 19, 20. ఇరవయ్యో శతాబ్దంలో ఆ తేడా 13 రోజులు, అంతకుముందు శతాబ్దంలో 12. ఇది మరిచిపోతే దాడికీ వార్తకూ మధ్య రోజుల లెక్క తప్పుతుంది. అక్కడ 49 మంది యూదులు చనిపోయారు. తొలి తంతుల్లోని అంకెలు ఒకదానికొకటి పొసగవు, వాటిని అలాగే వరుసగా రాసుకోవాలి, 'సరిదిద్ద'కూడదు. మంట రాజేసింది కూడా ఒక పత్రికే. క్రుషెవాన్ నడిపిన బెస్సరాబెట్స్, ఒక కుర్రవాడి హత్యను యూదుల మత క్రతువుకు అంటగట్టి రాసింది. ఇంకో వైపు, దాడిని బలంతో ఆపవద్దని రష్యా మంత్రి ప్లేవె గవర్నరుకు రాసినట్టుగా ఒక ఉత్తరాన్ని లండన్ టైమ్స్ మే 18న అచ్చువేసింది. అది నకిలీ అని ఇప్పటి చరిత్రకారుల అభిప్రాయం. బాధితుల పక్షాన నిలిచిన పత్రిక వేసిందని ప్రతి కాగితమూ నిజం కాదు. ఒక కాగితం నకిలీ అయితే దాడి అబద్ధమూ కాదు.

ఈ తంతుల్లో 'అల్లర్లు' అనే మాట పదేపదే కనిపిస్తుంది. ఒక వైపు గుంపు వచ్చి ఇళ్ల మీద పడితే దానికి అల్లర్లని పేరు. ఊరి మీద పడి కొట్టినదాన్ని 'ఇరువర్గాల ఘర్షణ' అని పత్రికలో చదివిన అలవాటు రాయలసీమ వాళ్లకు కొత్తేం కాదు. మన పిల్లలు ఈ మాటను ఇట్టే పట్టుకుంటారు.

ఆస్ట్రేలియా పత్రికలు తటస్థంగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థుల గురించి మాట్లాడినప్పుడు, తమ దేశంలో జాతి సమస్య లేదనీ, దాన్ని దిగుమతి చేసుకునే కోరికా లేదనీ చెప్పింది ఆస్ట్రేలియా ప్రతినిధి టి.డబ్ల్యు. వైట్. అదే ఏడాది డిసెంబరు 6న మెల్‌బోర్న్‌లో విలియం కూపర్ అనే ఆదివాసీ పెద్ద, తన జాతివాళ్లకే సరైన హక్కులు లేని కాలంలో, యూదుల మీద నాజీల క్రూరత్వాన్ని ఖండిస్తూ జర్మన్ కాన్సులేటుకు తీర్మానం పట్టుకెళ్లాడు. లోపలికి రానివ్వలేదు. మరునాటి ఆర్గస్‌లో ఆ చిన్న వార్త ఉంది. ట్రోవ్ తెరిచిన ప్రతివాళ్లూ చూడాల్సిన పేజీ అది.

ట్రోవ్ ఒక్కటే చాలదు. దీనికి తోడుగా జ్యూయిష్ టెలిగ్రాఫిక్ ఏజెన్సీ పాత వార్తల భాండాగారం పెట్టుకోండి. అదీ ఉచితమే, 1923 నుంచి ఉంది. బడి నుంచి పిల్లలను తీసేయడం, దుకాణం మూయించడం, ఒక ఊళ్లో వచ్చిన కొత్త నిబంధన లాంటి చిన్న చిన్న సంగతులు అందులో దొరుకుతాయి, పెద్ద పత్రికలు వాటిని వేయలేదు. కాకపోతే వార్త పేజీలో ఎక్కడ పడిందన్నది అక్కడ తెలియదు. అమెరికా చిన్న ఊళ్ల పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా ఉంది. ఏ తేదీలు వెతకాలో తెలియనివాళ్లకు వాషింగ్టన్ హోలోకాస్ట్ మ్యూజియం వారి హిస్టరీ అన్‌ఫోల్డెడ్‌లో ఘటనల జాబితా తయారుగా ఉంది. దాన్ని అలాగే తెచ్చి ట్రోవ్‌లో వాడుకోవచ్చు.

మన వైపు నుంచి కూడా చూడాలనుకుంటే గాంధీ 1938 నవంబరు 26 నాటి హరిజన్‌లో యూదుల గురించి రాసిన వ్యాసంతో మొదలుపెట్టండి. హరిజన్ సంచికలు గాంధీ హెరిటేజ్ పోర్టల్‌లో స్కాన్ రూపంలో ఉన్నాయి. తెలుగులో ఆంధ్రపత్రిక, అనంతపురం నుంచి పప్పూరు రామాచార్యులు గారు నడిపిన శ్రీ సాధన పత్రిక లాంటి వాటి పాత సంచికల్లో మాటతో వెతికే సౌకర్యం ఆశించకండి. తేదీ పట్టుకుని పేజీలు తిప్పడమే. 1938 నవంబరు రెండో వారం, 1942 డిసెంబరు మూడో వారం ముందు చూడండి.

చివరగా దించుకోవడం, అచ్చు. ఫోనులో చదవొచ్చు గానీ పేజీ మొత్తం చూసే పని తెర చాలక కుదరదు. కాలేజీ ల్యాబులోనో నెట్ సెంటర్లోనో పెద్ద తెర మీద చేయండి. పేజీ మొత్తాన్ని ఏ4 కాగితం మీద ప్రింటు తీస్తే అక్షరాలు చీమల బారులా ఉంటాయి. వార్తను విడిగా పీడీఎఫ్‌గా దించి ఏ4 మీద తీయించండి, పేజీ మొత్తం కావాలంటే ఏ3 మీద. ప్రతి వార్త దగ్గరా 'సైట్' (Cite) అనే బొత్తం ఉంది. అది ఇచ్చే శాశ్వత లింకునే రాసుకోండి, బ్రౌజరు పైన కనిపించే పొడవాటి చిరునామా కాదు, అందులో మీ వెతుకులాట మాటలు కూడా కలిసి ఉంటాయి. లింకుతో పాటు పత్రిక పేరు, ఊరు, తేదీ, పేజీ నంబరు, డేట్‌లైన్, వార్తాసంస్థ పేరు ఆరూ ఒకే వరుసలో రాయండి. డేట్‌లైన్, వార్తాసంస్థ పేరు ఆ బొత్తం ఇవ్వదు, అచ్చు చూసి చేత్తో ఎక్కించుకోవాలి.