ఉగ్గుగిన్నె మేలా, పాలసీసా మేలా?

తల్లికి పాలున్నాయి, బిడ్డ మాత్రం రొమ్ము సరిగా పట్టడం లేదు. పిండిన పాలు దేనితో పట్టాలన్నది మొదటి వారంలో చాలా ఇళ్లలో వచ్చే పేచీ.

సీసా తేలిక. ఎవరైనా పట్టొచ్చు, ఒలకవు. చిక్కల్లా సీసాకుండే పాలపీకతోనే. రొమ్ము తాగాలంటే బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కూడా అందుకోవాలి. పీకకు అంత కష్టం అక్కర్లేదు. ఆ సుఖం మరిగిన పసికందులు కొందరు రొమ్ము దగ్గర విసుక్కుంటారు. మన దేశంలో పాలసీసాల ప్రకటనలను 1992 చట్టం నిషేధించింది కూడా.

ఉగ్గుగిన్నెకు ఓపిక కావాలి. బిడ్డను తల ఎత్తుగా ఉండేలా ఒళ్లో పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి, పాలు పెదవిని తడిపేంత వంచితే చాలు. నాలుక చాచి తనే అందుకుంటుంది. నోట్లో పోస్తే పొలమారుతుంది. ముర్రుపాలు చెంచాడే వచ్చినా ఇందులో పెద్దగా వృథా కావు. అమ్మమ్మలకు చేయి తిరిగిన పనే, కాకపోతే పడుకోబెట్టి పట్టే అలవాటు మానిపించాలి.

మొదటి వారాల్లో నా ఓటు గిన్నెకే. రొమ్ము పట్టడం కుదిరాక, తల్లి ఉద్యోగానికి వెళ్లే వేళకు సీసా అయినా ఫర్వాలేదు. నెమ్మదిగా కారే పీక చూసుకోండి. ఏది వాడినా మరిగించి శుభ్రం చేయాలి. బిడ్డ రొమ్ము పట్టేదాకా రోజుకు 8 సార్లకు తగ్గకుండా పిండాలి, లేదంటే పాలు తగ్గిపోతాయి. ఐదో రోజు దాటాక బిడ్డ రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోయకపోయినా, లేపినా మగతగానే ఉన్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.