అరబిక్ మాటల పట్టిక: ఆరేళ్ళు వాడాక

ముందు నా కోపం చెప్పేస్తాను. మా క్లినిక్‌లో వాడే ఈ పట్టిక మొదటి పేజీలో నింపినది తల్లా, తండ్రా అని అడుగుతుంది. పగలంతా పిల్లవాణ్ణి చంకనేసుకుని తిరిగేది ఎవరు అన్న గడి మాత్రం లేదు.

కువైట్‌లో స్పీచ్ థెరపీ చేస్తాను. పిల్లవాడికి ఏ మాటలు తెలుసో, ఏవి అంటున్నాడో తల్లిదండ్రులే టిక్కులు పెట్టే కాగితం ఇది. ఇప్పుడు మెకార్థర్-బేట్స్ అని పిలిచే అమెరికా పట్టికలు 1993లో వచ్చాయి, వాటి బాటలో చేసిన అరబిక్ రూపం మాది. చేరిన కొత్తలో నా అరబీ షుక్రన్, ఖలాస్ దాటేది కాదు కాబట్టి ప్రాణం లేచొచ్చింది. కొత్త మొహం చూస్తే బిగుసుకుపోయే పిల్లల దగ్గర గంట కూర్చున్నా రాని సంగతి ఇరవై నిమిషాల్లో చేతికొచ్చేది. తోటివాళ్ళ దగ్గర తెగ పొగిడాను.

ఆ పొగడ్తలో కొంత తగ్గించుకుంటున్నాను. పట్టికలో 'లబన్' ఉందనుకోండి. ఈజిప్టు తల్లికి అది పాలు, కువైట్ తల్లికి మజ్జిగ. ఇద్దరూ టిక్కు పెడతారు, నేను ఒకే మాటగా లెక్కేస్తాను. చెప్పులూ బూట్లూ అడిగే చోట పుస్తకాల మాట 'హిదా' కనిపిస్తే, ఇంట్లో పిల్లవాడు 'జూతీ' అంటున్నా కొందరు ఖాళీగా వదిలేస్తారు. "అది అరబీ కాదు కదా డాక్టర్, ఇంట్లో అనే మాట" అని ఒకావిడ నాకే సర్దిచెప్పింది. రాసే భాష, మాట్లాడే భాష వేరైతే ఏమవుతుందో గిడుగు వారి తర్వాత మనకు ఒకరు చెప్పాలా! రెండేళ్ళ పిల్లవాడు మాత్రం గ్రాంథికంలో పాలు అడగడు. అందుకే ఇప్పుడు కాగితం చేతికిచ్చి వదిలెయ్యను. పక్కన కూర్చుని, "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని అడిగి నింపిస్తాను. ఇరవై నిమిషాలు కాస్తా గంటవుతుంది.

అసలు దెబ్బ వేరే చోట తగిలింది. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. ఇరవైమూడు నెలల బాబు. తల్లి చదువుకున్నది, ఓపిగ్గా నింపింది. మొత్తం పంతొమ్మిది మాటలు. 'రెండు మాటలు కలిపి అంటాడా?' అన్నచోట 'ఇంకా లేదు'. రెండేళ్ళు నిండేసరికి యాభై మాటలైనా లేకపోతే, రెండు మాటలు కలపకపోతే మేం వెంటనే కంగారు పడతాం. ఉన్న పంతొమ్మిదిలో ఒకటి నాన్న. "మధ్యాహ్నమైతే చాలు, 'ఉబూయ్, ఉబూయ్' అని వాళ్ళ నాన్న కోసం ఏడుస్తాడు" అని ముచ్చటగా చెప్పింది. నేనూ నవ్వుకుంటూ రాసుకున్నాను.

పిల్లవాడి సంచీ పట్టుకుని తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. ఖద్దామా, అంటే ఇంట్లో పనిచేస్తూ పిల్లవాణ్ణి చూసుకునే ఆయా. బాబు విసుగొచ్చి ఆమె వైపు చెయ్యి చాచి "దా" అన్నాడు. నా కలం ఆగిపోయింది.

"మీది యాడమ్మా?" అన్నాను.

"రాయచోటి పక్కన అక్కా. మీరు తెలుగోళ్ళా!"

ఆ తర్వాత పది నిమిషాలు తల్లి అయోమయంగా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బాబు మధ్యాహ్నం ఏడ్చేది నాన్న కోసం కాదు, బువ్వ కోసం. అరబీలో 'వ' పలుకు ఇంగ్లీషు 'డబ్ల్యూ'లా ఉంటుంది, 'ప' అసలు లేదు. బువ్వని ఆవిడ చెవి ఉబూయ్ చేసుకుంది, 'పాలు'ని ఊరికే చేసే శబ్దం అనుకుని వదిలేసింది. నీళ్ళు, కాకి, బజ్జో, ఛీ... తొమ్మిది మాటలు లెక్క తేలాయి.

"రెండు మాటలు కలిపి ఏమైనా అంటాడా?" అని అడిగాను.

"అంటాడు కదక్కా. సాయంత్రం మామ ఆఫీసు నుంచి రాంగనే 'మామా దా' అంటాడు."

ఇక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామ అంటారు, పిల్లలూ అమ్మను మామా అనే అంటారు. అంటే వాడు రోజూ అమ్మను రమ్మని పిలుస్తున్నాడు, అదీ తెలుగులో. ఆ సంగతి తల్లికి అరబీలో చెప్పడానికి నాకు కాసేపు పట్టింది. ఆవిడ కాగితం తన వైపు లాక్కుని 'ఇంకా లేదు' కొట్టేసింది.

దీంతో కథ సుఖాంతం అనుకోకండి. నాన్న టిక్కు పోగా పద్దెనిమిది, తెలుగువి కలిపితే ఇరవై ఏడు. అప్పటికీ తక్కువే. పైగా వయసుకు తగ్గ అంకెలు అరబీ మాత్రమే వినే పిల్లల మీద కట్టినవైతే, రెండు భాషల మొత్తాన్ని వాటి పక్కన పెట్టకూడదు. థెరపీ మొదలుపెట్టాం. మారిందల్లా నా రిపోర్టు. 'మాటలు కలపడు' అని రాయాల్సినదాన్ని రాయలేదు.

కాబట్టి కొనాలా వద్దా అని అడిగే జూనియర్లకు నా జవాబు కొంచెం నసుగుడుగానే ఉంటుంది. నేనింకా వాడుతున్నాను, ఇంతకంటే మంచిది నా చేతిలో లేదు. అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్న ఉమ్మడి కుటుంబాల్లో హాయిగా నడుస్తుంది. ఆయాల చేతుల్లో పెరిగే పిల్లలకైతే నేను పెన్సిలుతో పక్కన ఇంకో గడి గీస్తాను. ఆమెనూ లోపలికి పిలుస్తాను, కుర్చీ వేస్తాను. కొందరు తల్లులకు అది నచ్చదు. ఆ బాబు విషయంలో నాకు దొరికింది ఆయా రాయచోటి మనిషి కాబట్టి. పోయిన వారం వచ్చిన పాప ఆయాది ఇథియోపియా. పాప ఆమె భుజం మీద పడుకుని ఏదో పదేపదే అంటూనే ఉంది, నేను ఆ గడిలో ఏమీ రాయలేకపోయాను.