కారణం చెప్పని యుద్ధం: ‘సివిల్ వార్’ చిత్ర సమీక్ష

టెక్సస్, కాలిఫోర్నియా చేతులు కలిపి సొంత దేశాధ్యక్షుడిపై తిరగబడ్డాయన్న ఊహ మీద బ్రిటిష్ దర్శకుడు అలెక్స్ గార్లండ్ రాసి తీసిన ‘సివిల్ వార్’ (2024) మొదలయ్యేసరికే యుద్ధం చివరి అంకానికి చేరి ఉంటుంది. మూడోసారి పదవిలో కూర్చుని, ఎఫ్‌బీఐని రద్దు చేసి, పౌరులపైనే వైమానిక దాడులు జరిపించిన అధ్యక్షుడు పట్టుబడేలోగా ఆయనతో మాట్లాడి ఫోటో తీయాలని న్యూయార్క్ నుంచి నలుగురు పాత్రికేయులు కారులో వాషింగ్టన్‌కు బయలుదేరతారు. కథ అంతే.

ఈ యుద్ధం ఎందుకు వచ్చిందో సినిమా చెప్పదు. కొన్ని దశాబ్దాలుగా అధ్యక్ష ఎన్నికల్లో ఎదురెదురుగా నిలుస్తున్న రెండు రాష్ట్రాలను ఒకే జెండా కిందికి తేవడం వల్ల ప్రేక్షకుడికి తన పక్షం ఏదో తేల్చుకునే వీలుండదు. దీన్ని కొందరు తప్పించుకోవడం అన్నారు. నాకూ మొదటి అరగంట అలాగే అనిపించింది. కానీ పెట్రోలు బంకులో సగం ట్యాంకుకు మూడు వందల కెనడా డాలర్లు ఇవ్వవలసి రావడం, ఆ పక్క షెడ్డులోనే అక్కడి కాపలావాడి ఒకప్పటి సహవిద్యార్థి చావుదెబ్బలు తిని వేలాడుతూ కనిపించడం చూశాక, ఆ స్థితికి చేరిన మనుషులకు కారణం గుర్తుండదన్న సంగతి నాకు అర్థమైంది.

సినిమాకు ప్రాణం కెమెరాయే. యుద్ధాలన్నీ చూసి లోపల ఎండిపోయిన ఫోటోగ్రాఫర్ లీగా కిర్‌స్టెన్ డన్‌స్ట్ మాటలకన్నా కళ్లతోనే ఎక్కువ చెబుతుంది. తండ్రి వాడిన పాత నైకాన్ ఫిల్మ్ కెమెరాతో ఆమె వెంట పడ్డ ఇరవై మూడేళ్ల జెస్సీ (కేలీ స్పేనీ) షట్టర్ నొక్కినప్పుడు తుపాకుల మోత హఠాత్తుగా తెగిపోయి, ఆ క్షణం నలుపు తెలుపు బొమ్మగా తెర మీద నిలిచిపోతుంది. పెద్దామెలో భయం తిరిగి మేలుకుంటున్న కొద్దీ చిన్నదానిలో అది చచ్చిపోతూ వస్తుంది. ఈ తారుమారును దర్శకుడు ఎక్కడా సంభాషణల్లో చెప్పించలేదు.

ఎర్ర కళ్లద్దాల సైనికుడిగా జెస్సీ ప్లెమన్స్ కనిపించేది ఒక్క సన్నివేశంలోనే. శవాల గుంత పక్కన తుపాకీ పట్టుకుని నిలబడి, అమెరికన్లమని చెప్పిన వాళ్లను ‘మీరు ఏ రకం అమెరికన్లు?’ అని నింపాదిగా అడుగుతాడు. హాంకాంగ్ అన్న ఒక్క మాటకు అక్కడ ఒక ప్రాణం పోతుంది. 2017లో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో ‘మా దేశం నుంచి పొండి’ అని అరిచి ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపిన ఉదంతం తెలిసిన వారెవరికీ ఇది కల్పిత భవిష్యత్తుగా తోచదు. డాలస్‌లోనో బే ఏరియాలోనో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ సన్నివేశాన్ని నా కంటే బరువుగా చూస్తారు.

లోపాలు లేకపోలేదు. బందీలను కాల్చిచంపే చోట హుషారైన ర్యాప్ పాట పెట్టడం నాకు నచ్చలేదు. లీతో పాటు ప్రయాణించే రిపోర్టర్ జోయెల్‌గా వాగ్నర్ మౌరా వేసిన పాత్రకు ఉద్రేకం తప్ప గతమంటూ ఏమీ ఇవ్వలేదు.

వాషింగ్టన్ వీధుల్లో సాగే చివరి పోరులో ప్రతి తూటా చెవి పక్క నుంచి దూసుకుపోయినట్టు ఉంటుంది కనుక, ఇంట్లో చూసేవారు మంచి స్పీకర్లో హెడ్‌ఫోన్లో పెట్టుకోవాలి. పేర్లు పడటం మొదలవగానే లేచిపోకూడదు. అప్పుడే తెర మీద ఒక ఫోటో, రసాయనంలో ముంచిన కాగితంలా, మెల్లమెల్లగా రూపు కడుతుంది. అందులోని సైనికులు నవ్వుతూ ఉంటారు.