శ్రీరంగపట్నంలో పాత బొమ్మలు పట్టుకుని తిరిగితే

రంగనాథుడి గుడి, టిప్పు వేసవి మహలు దర్యా దౌలత్, అతని సమాధి గుంబజ్, కావేరి పాయలు కలిసే సంగమం. ఆటోవాళ్ళు టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నాన్ని మూడు గంటల్లో చుట్టబెట్టేస్తారు. మేం మాత్రం ఒకటిన్నర రోజు ఉన్నాం. కారణం నా ఫోన్‌లో దాచుకున్న పాత బొమ్మలు. 1793–94లో రాబర్ట్ హోమ్, కోల్‌బ్రుక్ అనే ఇద్దరు లండన్‌లో అచ్చు వేయించిన మైసూరు దృశ్యాలవి. ఆ చోట్లన్నీ వెతుకుదామని నేనంటే, ముందు రంగనాథుడి దర్శనం కానిమ్మన్నారు నాన్న.

దర్శనం గంటలో అయింది. గోపురానికి కాస్త దూరంలోనే టిప్పు కట్టించిన మసీదు మీనార్లు. పాత బొమ్మల్లో కోటగోడ మీద తేలుతూ కనిపించేవి ఇవే. కానీ ఎంత తిరిగినా ఊళ్ళోంచి ఆ దృశ్యం కుదరలేదు. కుదరదు మరి! ఆ చిత్రకారులు 1792లో టిప్పు మీదికొచ్చిన ఈస్టిండియా కంపెనీ సేనాని కారన్‌వాలిస్ సైన్యంతో వచ్చినవాళ్ళు. వాళ్ళు ఊరిని చూసింది బయటినుంచి, ముట్టడి వేసినవాళ్ళ కళ్ళతో. కాబట్టి కావేరి దాటి అవతలి ఒడ్డుకు వెళ్ళండి. అక్కడినుంచి చూస్తే కొబ్బరిచెట్ల మధ్య గోపురం, మీనార్లు ఒకే వరసలోకి వస్తాయి. 1804 నాటి వెల్లెస్లీ వంతెన రాతి స్తంభాలు కూడా చూడదగ్గవే, కానీ హోమ్ బొమ్మల్లో వెతక్కండి, అప్పటికింకా కట్టలేదు.

కోట వాయవ్య మూల, 1799 మే 4న బ్రిటిష్ సైన్యం గోడ బద్దలుకొట్టి లోపలికి దూకిన చోట, 1907లో నిలబెట్టిన స్మారక స్తంభం ఉంది. దిగువన నదిలో బండలే బండలు. వానాకాలం ముంచుకొచ్చేలోపే కోట పట్టాలని వాళ్ళెందుకు తొందరపడ్డారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. ఈ ముట్టడిని ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ అసలు మన దేశమే చూడకుండా లండన్‌లో కూర్చుని నీటిరంగుల్లో గీశాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది దర్యా దౌలత్. 1784 నాటి టేకు మహలు. ఎండకి రంగులు పోకుండా చుట్టూ తెరలు కట్టి ఉంచారు, అందుకని బయటినుంచి చప్పగా ఉంటుంది. లోపలికెళ్తే పడమటి గోడ నిండా 1780 పొల్లిలూరు యుద్ధం, అంటే మైసూరు సైన్యం కంపెనీ సైన్యాన్ని ఓడించిన యుద్ధం. గాయపడ్డ కంపెనీ సేనాని కర్నల్ బెయిలీ పల్లకీలో కూర్చుని ఉంటాడు, మందుగుండు బండి పేలుతూ ఉంటుంది. ఆలస్యంగా వస్తున్న నిజాం సైన్యాన్నీ వేశారు. "మనవాళ్ళకి ఇక్కడ కూడా లేటే" అని హైదరాబాద్ నుంచి వచ్చిన నాన్న నవ్వారు. మధ్యలో చెరిగిపోతే గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో మళ్ళీ రంగులు వేయించారు, అయినా చూపు మాత్రం ఊరివాళ్ళదే. కనీసం గంట ఉంచుకోండి. గుంబజ్, సంగమం అరగంట చొప్పున చాలు.

ఇక బస. నది కనిపించే గదని ఎక్కువ తీసుకున్నారు. కిటికీ తెరిస్తే జనరేటర్ షెడ్డు. అడిగితే మేడ మీదికెళ్తే కనిపిస్తుందన్నారు! రాత్రంతా ఆ చప్పుడే. సుమారు 15 కిలోమీటర్లలో మైసూరు ఉంది, అక్కడ దిగి పొద్దున్నే రావడం మేలు. బెంగళూరు–మైసూరు రైళ్ళు చాలావరకు ఇక్కడ ఆగుతాయి, స్టేషన్ గుడికి దగ్గరే. ఆటోతో మాత్రం ముందే చోట్లన్నీ చెప్పి బేరం కుదుర్చుకోండి. అవతలి ఒడ్డు అనగానే మావాడు అదనంగా అడిగాడు, "అక్కడ చూడ్డానికేముంది సార్" అంటూ.